కథ కాదు, మీరు చూసింది రాయండి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. అనకాపల్లి దగ్గర ఒక సహకార బ్యాంకులో పదిహేనేళ్లుగా క్యాష్ కౌంటర్లో కూర్చుంటున్నాను. నెలకి రెండు మూడు సినిమాలు చూస్తాను. ఒకటి హాల్లో, మిగతావి ఇంట్లో టీవీలో. చూసిన ప్రతి సినిమా మీదా నాలుగు ముక్కలు రాసి బంధువులకీ స్నేహితులకీ పంపడం అలవాటు. ఈ మధ్య ‘35 చిన్న కథ కాదు’, ‘లక్కీ భాస్కర్’, ‘కోర్ట్’ చూసి మూడింటి మీదా రాశాను. మూడూ ఒకేలా ఉన్నాయని మా చెల్లెలు నవ్వింది. నిజమే. ముప్పావు వంతు కథ, చివర్లో ‘నటన సూపర్, మ్యూజిక్ ఓకే, సెకండాఫ్ కొంచెం ల్యాగ్, ఒకసారి చూడొచ్చు, 5కి 3’. పోయిన నెల ఒక పెద్ద హీరో సినిమా బాలేదని రాస్తే మా ఆడపడుచు కొడుకు ‘అత్తా, నీకు సినిమా గురించి ఏం తెలుసు’ అన్నాడు. కెమెరా, ఎడిటింగ్ లాంటివి నాకు నిజంగానే తెలియవు. తెలియకుండా రాయొచ్చా? మార్కులు ఎలా వెయ్యాలి? ఆ పెద్ద హీరో సినిమాలో మాటలు సగం వినపడలేదు, అది సినిమా తప్పని రాయొచ్చా? ‘35’ చూసిన రాత్రి మా వాడి లెక్కల పుస్తకం తీసి నేనే కూర్చున్నాను. అలాంటి సినిమాకి కూడా ‘ఒకసారి చూడొచ్చు’ అని రాశానే అని ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

సమాధానం: మీ ఉత్తరం మొత్తంలో అసలైన సినిమా అభిప్రాయం ఒకే ఒక్క వాక్యంలో ఉంది. మా వాడి లెక్కల పుస్తకం తీసి నేనే కూర్చున్నాను అన్న వాక్యం. దాన్ని మాటవరసకి అన్నట్టు ఉత్తరం అడుగున పెట్టారు. రివ్యూలో అయితే అసలు పెట్టనే లేదు. దాన్ని తెచ్చి ముందు కూర్చోబెట్టండి, సగం పని అయిపోతుంది. మిగతా సగం ఆ పుస్తకం ఎందుకు తీశారో వెతుక్కోవడం.

‘35’ తిరుపతిలో జరిగే కథ. అరుణ్ అనే పిల్లాడు లెక్కల్లో సున్నా దగ్గర ఆగిపోతాడు. సున్నాకి విలువ లేదంటారు, మరి అదే సున్నా ఒకటి పక్కన చేరితే పది ఎలా అవుతుందన్నది వాడి సందేహం. బళ్లో దానికి జవాబు దొరకదు గానీ ‘జీరో’ అనే పేరు మాత్రం దొరుకుతుంది. పదో తరగతి తప్పిన తల్లి సరస్వతి, కొడుక్కి చెప్పడం కోసం తనే లెక్కలు నేర్చుకోవడానికి దిగుతుంది. ఇక్కడ మీకు తగిలింది ఏది? పిల్లాడి ప్రశ్నా, మాస్టారు పెట్టిన పేరా, తల్లి పుస్తకం పట్టడమా? మూడింటికీ మూడు వేరు వేరు రివ్యూలు వస్తాయి. ఏది తగిలిందో మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. పిల్లాడి ప్రశ్నే తగిలిందనుకుంటే, మీరు రాయాల్సింది ఇంచుమించు ఇలా ఉంటుంది:

‘మా వాడు భిన్నాల దగ్గర ఆగిపోయి ఏడాదైంది. మార్కులు చూసి తిట్టాను తప్ప ఎక్కడ ఆగావురా అని అడగలేదు. ‘35’లో అరుణ్ సున్నా దగ్గర ఆగిపోతాడు. వాడిది మొండితనం కాదు, నిజంగా ప్రశ్నే అని నాకు అర్థమయ్యేసరికి నేను హాల్లో కాస్త ముందుకి జరిగి కూర్చున్నాను. నివేదా థామస్ అన్నీ తెలిసిన తల్లిలా కాకుండా, తప్పు చెబుతానేమోనని భయపడే తల్లిలా చేసింది. మాస్టారిని మొదట్లో మరీ కఠినంగా చూపించారనిపించింది. ఇంటికొచ్చి మా వాడి పుస్తకం తీశాను. ఐదో తరగతి దాటిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మరీ చిన్నవాళ్లు విసుక్కుంటారు.’

భిన్నాలన్నది మేం వేసిన ఊహ. మీ వాడు ఎక్కడ ఆగాడో అది పెట్టుకోండి. పది పంక్తులు దాటలేదు, కథకి పోయింది రెండు వాక్యాలు. ఒక మెచ్చుకోలు ఉంది, దానికి కారణం ఉంది. ఒక ఫిర్యాదు ఉంది. చదివినవాళ్లకి ఎవరితో కలిసి చూడాలో తెలిసింది. ‘సూపర్’ అన్న మాట ఒక్కసారీ రాలేదు.

ఇప్పుడు మీ మేనల్లుడి మాట. సినిమా గురించి ఏం తెలుసని అడిగాడు కదా, లెన్సుల గురించి తెలియకపోవచ్చు. నోట్ల గురించి తెలుసు. ‘లక్కీ భాస్కర్’లో హీరో 1989 ప్రాంతంలో బొంబాయిలో ఒక బ్యాంకు క్యాషియరు. అంటే మీ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ సినిమా మీద ‘స్క్రీన్‌ప్లే గ్రిప్పింగ్’ అని రాయడానికి వెయ్యిమంది ఉన్నారు. క్యాష్ కౌంటర్ నుంచి చూసి రాయగలిగేవాళ్లు ఎందరు? అప్పటికి మన దేశంలో పెద్ద నోటు 500, అదీ 1987లో వచ్చింది. వెయ్యి నోటు 1978లో రద్దయి మళ్లీ 2000 దాకా రాలేదు. వంద నోట్లలో పది లక్షలంటే పదివేల కాగితాలు. వంద నోట్లకి ఒక ప్యాకెట్, పది ప్యాకెట్లకి ఒక బండిల్, మొత్తం పది బండిళ్లు. ఆ సంచి ఎంత లావుండాలో, మోసేవాడి భుజం ఎటు వంగాలో మీకు చేతులకి తెలిసిన సంగతి. సాయంత్రం లెక్క తేలకపోతే క్యాషియరు కడుపులో ఏమవుతుందో కూడా తెలుసు. దుల్కర్ సల్మాన్ మొహంలో అది కనపడిందా లేదా? కనపడితే అదే రాయండి. కనపడకపోతే అదీ రాయండి. అలాగే ఆ సినిమాలో హీరో మధ్యమధ్య మనవైపు తిరిగి మనతోనే మాట్లాడతాడు. బ్యాంకు వ్యవహారం తెలియనివాళ్లకి కథలో జరిగే మోసం అర్థం కావడానికి అది ఊతం. తెలిసిన మీకు అది అవసరమనిపించిందా, చెప్పిందే మళ్లీ చెప్పినట్టుందా? ఈ తేడా రాయగలిగేది మీలాంటివాళ్లే. నర్సు ఆసుపత్రి సన్నివేశాన్ని, డ్రైవరు ఛేజింగ్‌ని, రైతు పొలం పాటని ఇలాగే చూడొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం ఉండాలి. తప్పులెన్నడమే పనిగా పెట్టుకుంటే అది ఆడిట్ రిపోర్టు అవుతుంది. తప్పు వల్ల కథ నమ్మలేకపోతేనే రాయండి. గోడ మీద క్యాలెండరు తేదీ తప్పయితే పోనివ్వండి.

‘సెకండాఫ్ ల్యాగ్’ దగ్గర కొంచెంసేపు ఆగుదాం. తెలుగులో సినిమా గురించి రాసేవాళ్లందరూ వాడే మాట ఇది. జ్వరం లాంటిది, ఉందని చెబుతుంది గానీ ఎందుకొచ్చిందో చెప్పదు. పట్టుకోవడానికి సులువైన దారి ఒకటుంది. హాల్లో మీ చెయ్యి మొదటిసారి ఫోన్ మీదకి ఎప్పుడు వెళ్లింది? అప్పుడు తెర మీద ఏం జరుగుతోంది? రెండు గంటల నలభై నిమిషాల సినిమా అయితే మన దగ్గర ఇంటర్వెల్ దాదాపు గంటా ఇరవై నిమిషాల దగ్గర పడుతుంది. విసుగు ఎక్కువగా ఆ తర్వాతి అరగంటలోనే వస్తుంది. కారణాలు నాలుగైదు కంటే లేవు.

అన్నిటికంటే తరచుగా కనపడేది ఫ్లాష్‌బ్యాక్. ఇంటర్వెల్లో హీరో మామూలు మనిషి కాదని చూపిస్తారు. మళ్లీ కూర్చోగానే పాతిక నిమిషాలు ఆయన ఎందుకు మామూలు మనిషి కాదో చెబుతారు. మనం పాప్‌కార్న్ కొనుక్కునేటప్పుడే ఆ సంగతి ఊహించేశాం. ప్రశ్న తీరిపోయాక జవాబు వస్తోంది కాబట్టి కుర్చీ గుచ్చుకుంటుంది. దీన్ని ‘ఫ్లాష్‌బ్యాక్‌లో నాకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు’ అని రాస్తే ల్యాగ్ అన్నదానికంటే పదిరెట్లు పనికొస్తుంది. రెండోది, హీరో ఎక్కడా ఓడిపోకపోవడం. పదిమందిని కొట్టినవాడు యాభైమందిని, ఆ తర్వాత రెండొందలమందిని కొడతాడు. లెక్క పెరుగుతుంది గానీ భయం పెరగదు. ఒకే సన్నివేశం మూడుసార్లు చూసినట్టుంటుంది. మూడోది అతుకు. కామెడీ ట్రాకో పాటో కథకి పుల్లముక్కతో గుచ్చినట్టుంటుంది. దీనికి పరీక్ష ఉంది. ఆ సన్నివేశాన్ని మనసులో తీసేసి చూడండి. తర్వాత ఏ సన్నివేశమూ విరిగిపోకపోతే అది అక్కర్లేని సన్నివేశం. నాలుగోది అసలు ఎడిటింగ్‌కి సంబంధించింది. సన్నివేశం కావాల్సిందే, కానీ ఎక్కువసేపు ఉంది. హీరో కారు దిగడానికి నాలుగు కోణాలు, చుట్టూ ఉన్నవాళ్లు నోరు తెరిచి చూడడానికి ఇంకో ఆరు. ఇది రాయడానికి ఎడిటింగ్ నేర్చుకోనక్కర్లేదు. ‘కారు దిగడం నాకు ఒకసారి చాలు’ అంటే చదివేవాళ్లకి తెలిసిపోతుంది.

నెమ్మదిగా నడిచే సినిమాని, ఆగిపోయిన సినిమాని ఒకే గాటన కట్టకండి. నెమ్మదిగా నడిచేదాంట్లో మనిషి మారుతూ ఉంటాడు, ఇల్లు మారుతూ ఉంటుంది, మనకి ఏదో ఒకటి తెలుస్తూనే ఉంటుంది. చెయ్యి ఫోన్ మీదకి పోదు.

‘నటన సూపర్’కి కూడా ఇదే వైద్యం. ‘కోర్ట్’లో శివాజీ చేసిన మంగపతి పాత్ర మీద మీరు ఒక్క మాటలో తేల్చేశారు. అంత భయపెట్టిన పాత్రకి అది అన్యాయం. మనిషి అరిచినందుకే భయం వెయ్యదు. ఆ మనిషి గదిలోకి రాగానే మిగతావాళ్లు ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. ఎవరు మాట ఆపేశారు, ఎవరు కళ్లు దించుకున్నారు, ఆడవాళ్లు ఎటు జరిగారు? భయంలో సగం ఎదుటివాళ్ల మొహాల్లో ఉంటుంది. కాబట్టి ఒక నటుణ్ణి మెచ్చుకునేటప్పుడు తను మాట్లాడుతున్నప్పుడు ఏం చేశాడన్నదాంతోపాటు, ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు ఏం చేశాడో కూడా చూడండి. డైలాగ్ లేనప్పుడు చేతులు ఏం చెయ్యాలో తెలియని నటులు పెద్దపెద్దవాళ్లలోనూ ఉన్నారు. గొంతు సంగతి వేరే. మన సినిమాల్లో మాటలు ఎక్కువగా తర్వాత స్టూడియోలో చెప్పినవే, అదీ కొందరికి వేరేవాళ్లు చెప్పినవి. పెదవులకీ మాటకీ పొత్తు కుదరలేదనిపిస్తే నటిని తిట్టే ముందు టైటిల్స్‌లో డబ్బింగ్ పేర్లు చూడండి.

‘మ్యూజిక్ ఓకే’ని రెండుగా చీల్చండి. పాటలు వేరు, వెనక వాయించే సంగీతం వేరు. పాట బాగుందంటే ఇంట్లో మళ్లీ విన్నారా అన్నది చాలు. రెండోదానికి, మీకు ఏడుపొచ్చిన చోటో గుండె జారిన చోటో సంగీతం ఉందా, నిశ్శబ్దం ఉందా అన్నది గుర్తు చేసుకోండి. చాలాసార్లు నిశ్శబ్దమే ఉంటుంది. అది కూడా సంగీత దర్శకుడి, సౌండ్ వాళ్ల నిర్ణయమే.

కథ ఎంత చెప్పాలి? మొదటి ఇరవై పాతిక నిమిషాల్లో జరిగేది, రెండు వాక్యాల్లో. ఇంటర్వెల్ తర్వాతి సంగతి ఒక్కటి కూడా వద్దు. ‘కోర్ట్’ తీసుకుంటే 2013లో విశాఖపట్నం, 19 ఏళ్ల వాచ్‌మన్ కొడుకు, 17 ఏళ్ల అమ్మాయి, అబ్బాయి మీద పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద కేసు. అక్కడ ఆపెయ్యాలి. తీర్పు ఏమైందో చెబితే ఎదుటివాడి టికెట్ డబ్బులు మీరు కాజేసినట్టే. కానీ ఆ 2013 అన్న అంకెని మాత్రం వదలకండి. పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. పద్దెనిమిది నిండనివాళ్లందరూ ఆ చట్టం ప్రకారం పిల్లలే. అప్పుడప్పుడే వచ్చిన చట్టం, దాని సంగతి తెలియని ఇళ్లు. ఈ రెంటి మధ్య నలిగే కథ కాబట్టే ఆ ఏడాది పెట్టారు. కథంతా చెప్పేకంటే ఇలాంటి ఒక్క ముక్క చెబితే చూడాలనిపిస్తుంది. ముగింపు మీదే మీకు కోపం ఉంటే, పైన ‘చూడనివాళ్లు ఇక్కడ ఆగండి’ అని రాసి ఓ పది ఖాళీ పంక్తులు వదిలి రాసుకోండి.

ఇవన్నీ గుర్తుండాలంటే చిన్న క్రమశిక్షణ కావాలి. హాల్లో ఫోన్ తెరిచి రాయొద్దు, ఆ వెలుగుకి వెనక వరసలన్నీ తిట్టుకుంటాయి. సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ వేస్తారు. ఎవరూ చూడని ఆ కాగితం మీద నిడివి నిమిషాల్లో ఉంటుంది, ఏ వర్గమో ఉంటుంది. 2024 నుంచి యూఏలోనే, అంటే పెద్దవాళ్ల తోడుతో పిల్లలు చూడదగ్గ వర్గంలోనే, 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడు రకాలు చేశారు. పిల్లలున్నవాళ్లు మీ దగ్గర మొట్టమొదట అడిగేది ఇదే. ఇంటర్వెల్లో మూడు మాటలు రాసుకోండి. నచ్చింది, విసిగించింది, ఇప్పుడు ఏం జరుగుతుందని అనుకుంటున్నారు. ఆ మూడోది చాలా విలువైనది. అనుకున్నదే జరిగితే కథ ఊహించినట్టే ఉందని రాయడానికి మీ దగ్గర రుజువుంది. సినిమా అయ్యాక ఆటో ఎక్కేలోపు, ఎవరితోనూ మాట్లాడకముందు ఇంకో ఐదు పంక్తులు. మా ఆయనకి నచ్చలేదు, మా అక్క ఏడ్చింది అన్నవి చెవిలో పడితే మీ అభిప్రాయం అక్కడితో సరి. రాత్రికి వేరేవాళ్ల రివ్యూలు చదవొద్దు. మర్నాడు కూర్చుని రాయండి. రాత్రి సూపర్ అనిపించినవి కొన్ని పొద్దున్నకి చప్పబడతాయి, అలా చప్పబడనివే రాయదగ్గవి. నూట యాభై నుంచి రెండొందల యాభై మాటలు చాలు.

మాటలు వినపడకపోవడం గురించి అడిగారు. మీరు అడిగినవాటిలో అన్నిటికంటే మంచి ప్రశ్న ఇదే, ఎందుకంటే హాలు చేసిన పాపం సినిమా నెత్తిన పడడం రోజూ జరుగుతోంది. సినిమా తెరకి మన సీట్లోంచి కనపడనంత సన్నని రంధ్రాలుంటాయి, వాటి వెనక స్పీకర్లుంటాయి. మాటలు దాదాపు అన్నీ మధ్య స్పీకరు నుంచే వస్తాయి. అది పాడైనా, సరిగా సర్దకపోయినా మాటలు గొంతులోనే ఉండిపోతాయి, పక్క గోడల స్పీకర్లు మాత్రం డప్పు కొడుతుంటాయి. మీ సీటు ఏ మూలనో పక్క గోడని ఆనుకుని ఉంటే హాలు బాగున్నా ఇదే తిప్పలు. వీలైతే తెర నుంచి హాలు పొడవులో మూడింట రెండొంతుల దూరంలో, నడిమధ్య తీసుకోండి. శబ్దం స్థాయి కూడా ఒక సమస్య. సినిమాని మిక్స్ చేసేటప్పుడు, అంటే మాటల్నీ సంగీతాన్నీ శబ్దాల్నీ కలిపేటప్పుడు, ఒక ప్రమాణం పెట్టుకుని చేస్తారు. హాల్లో సౌండ్ యంత్రం మీద అది 7 అన్న గుర్తు. ప్రేక్షకులు చెవులు మూసుకుంటున్నారని చాలా హాళ్లు నాలుగుకో ఐదుకో దించేస్తాయి. గట్టి శబ్దాలు అప్పుడూ వినపడతాయి, గుసగుసలే మాయమవుతాయి.

తప్పు ఎవరిదో తేల్చుకోవడం ఇలా. సినిమా ముందు వేసే ప్రకటనలూ ట్రైలర్లూ కూడా ముద్దముద్దగా ఉంటే హాలుదే. అవి బాగుండి, సినిమాలో సంగీతం మోగినప్పుడు మాత్రమే మాట మునిగిపోతే మిక్సింగ్‌ది. ఒక్క పాత్ర మాటే అర్థంకాకపోతే డబ్బింగ్‌దో ఆ నటుడి ఉచ్చారణదో. ఇది రాసేటప్పుడు కూడా ‘మా హాల్లో’ అన్న మాట చేర్చండి. ఓటీటీలోకి వచ్చాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే సన్నివేశం విని చూడండి. అప్పుడు వినపడితే మీరు రాసిందాన్ని దిద్దుకోండి.

బొమ్మ సంగతీ అంతే. ‘ఫొటోగ్రఫీ డల్‌గా ఉంది’ అనేముందు ఆ సెన్సార్ సర్టిఫికెట్‌నే చూడండి. తెల్ల కాగితం కాబట్టి తెల్లగానే కనపడాలి. బూడిద రంగులోనో పసుపుగానో ఉంటే ప్రొజెక్టర్ దీపం బలహీనపడిందనో, త్రీడీకి పెట్టిన ఫిల్టర్ తియ్యలేదనో అనుమానించాలి. హాల్లో మామూలు సినిమాకి తెర వెలుగు 14 ఫుట్‌ల్యాంబర్ట్‌లు (వెలుగుని కొలిచే లెక్క) ఉండాలన్నది ప్రమాణం. త్రీడీలో కళ్లద్దాల వల్ల అందులో మూడో వంతు కూడా కంటికి చేరకపోవచ్చు. అందుకే చీకటి సన్నివేశాలు త్రీడీలో బురదలా ఉంటాయి. రెండూ చూడగలిగితే మామూలు షో చూసి రాయండి.

మీరు ఎక్కువగా చూసేది ఇంట్లో కాబట్టి టీవీని కూడా నమ్మకండి. సినిమా సెకనుకి 24 బొమ్మలు. కొత్త టీవీలు మధ్యలో లేని బొమ్మల్ని పుట్టించి కదలికని నున్నగా చేస్తాయి. అప్పుడు కోట్ల సెట్టు కూడా మధ్యాహ్నం సీరియల్ సెట్టులా కనపడుతుంది. దీనికి ఎల్‌జీలో ట్రూమోషన్ అనీ, సోనీలో మోషన్‌ఫ్లో అనీ, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ అనీ పేర్లు. పిక్చర్ సెట్టింగుల్లో వెతికి ఆపెయ్యండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ అని కనపడితే ఇంకా సులువు, అది పెట్టేస్తే చాలు. ఆడియోలో 5.1 (ఆరు స్పీకర్ల కోసం చేసిన శబ్దం) ఎంచుకుని ఉండి మీకు రెండు స్పీకర్ల టీవీయే ఉంటే మాటలు తగ్గిపోవచ్చు, స్టీరియోకి మార్చి చూడండి. మధ్యాహ్నం కిటికీ తెరిచి చూసి రాత్రి సన్నివేశాలు కనపడలేదని రాయొద్దు. మూడు రోజులు ముక్కలు ముక్కలుగా చూసిన సినిమాకి ‘సాగింది’ అని రాసే హక్కు కూడా లేదు. సాగదీసింది మీరే.

ఎక్కడ, ఎప్పుడు చూశారో మొదటి పంక్తిలోనే రాయడం ఇందుకే. విడుదలైన వారానికి సినిమాని కత్తిరించడం మన దగ్గర మామూలు. కలపడం కూడా ఉంది. 2024 డిసెంబరు 5న వచ్చిన ‘పుష్ప 2’కి 2025 జనవరి 17 నుంచి ఇంకో ఇరవై నిమిషాలు కలిపారు. డిసెంబరులో చూసినవాళ్లూ జనవరిలో చూసినవాళ్లూ నిడివి మీద వాదించుకుంటే ఇద్దరిదీ నిజమే.

మార్కులు. వెయ్యకపోతే మంచిది. 2.75, 3.25 వేసేవాళ్లని చూసే ఉంటారు, ఆ పావలా మార్కు ఎక్కడ పోయిందో వేసినవాళ్లకే తెలియదు. మీరు మూడు సినిమాలకీ మూడే వేశారంటే అది మార్కు కాదు, మొహమాటం. దాని బదులు నాలుగు మెట్లు పెట్టుకోండి. హాలుకి వెళ్లి చూడండి, ఓటీటీలోకి వచ్చాక చూడండి, టీవీలో వేస్తే వంట చేసుకుంటూ చూడండి, అక్కర్లేదు. వాటి పక్కనే ఎవరితోనో కూడా రాయండి. అత్తగారితోనా, పిల్లలతోనా, ఒక్కళ్లేనా. టికెట్ ఎంత పెట్టి చూశారో రాస్తే ఇంకా న్యాయం, 100 రూపాయలకి నచ్చింది 300కి నచ్చకపోవచ్చు. వసూళ్ల జోలికి మాత్రం పోవద్దు. పోస్టరు మీద వేసేది గ్రాస్, అందులోంచి పన్నూ హాలు అద్దే పోగా మిగిలేది షేర్. అది పంచుకునేవాళ్లకి మన నచ్చడంతో పనిలేదు, మనకీ వాళ్ల లెక్కతో పనిలేదు.

పెద్ద హీరోల సినిమాల మీద రాసేటప్పుడు పాత్రని విమర్శించండి, మనిషిని వదిలెయ్యండి. ‘ఆ సన్నివేశంలో కోపం నాకు కృత్రిమంగా అనిపించింది’ అనడం అభిప్రాయం. ఆయన వయసు, ఒళ్లు, విగ్గు, పెళ్లి, ఆయన వంశం సినిమాలో లేవు. ఫలానా నిర్మాత దొంగ, ఫలానావాడు డబ్బిచ్చి రివ్యూలు రాయించాడు అని రుజువు లేకుండా రాస్తే అది పరువునష్టం కిందకి వస్తుంది. భారతీయ న్యాయ సంహితలో దానికి 356వ సెక్షన్ ఉంది. అంతకంటే తేలిగ్గా జనం పడుతున్న గోతి ఇంకోటి. హాల్లో టైటిలో ఫైటో ఫోన్‌తో తీసి స్టేటస్‌లో పెట్టడం. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. అనుమతి లేకుండా తెర మీది సినిమాని రికార్డు చేస్తే కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా, గరిష్ఠంగా మూడేళ్ల దాకా పోవచ్చు. ముచ్చట తీరాలంటే హాలు బయట పోస్టరు దగ్గర ఫొటో దిగండి.

ఇక మీ మేనల్లుడు. ఆ సినిమా మీద రాసింది తీసి, ‘బాలేదు’ అన్నచోట మీ చెయ్యి ఫోన్ మీదకి వెళ్లిన సన్నివేశం పెట్టి మళ్లీ పంపండి. నీకు నచ్చిన సన్నివేశం ఏదిరా, అందులో ఏం జరిగింది అని అడగండి. సినిమా తోపు, నీకర్థం కాలేదు అంటే అక్కడితో వదిలెయ్యండి. ఫలానా చోట తమ్ముడి చెయ్యి వదిలేస్తాడు చూడు అత్తా, అక్కడ ఏడుపొచ్చింది అన్నాడంటే వాడు నిజంగా చూశాడన్నమాట, మీరు హాల్లో అది సరిగా వినలేదేమో కూడా. మళ్లీ చూద్దాం పద అంటే వెళ్లండి. నడిమధ్య సీటు, టికెట్ డబ్బులు వాడివి.